ఊడ్పు పాటల హార్డ్ డిస్కు

అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే ఆడమనిషి అంటే చాలా ఏళ్ళు నేనొక్కదాన్నే. బ్యాగు తగిలించుకుని స్కూటీ దిగితే, "ఇంజినీరు గారు వెనకాల వస్తన్నారా అమ్మా" అని నా భుజం మీదుగా వీధిలోకి చూసేవాళ్ళు. "ఆయ్, వస్తన్నారండి, ఈలోగా నేను మొదలెడతాను" అని లోపలికెళ్ళి, పని ముగించుకుని వచ్చేసేదాన్ని. ఆ ఇంజినీరు గారు ఇంతవరకూ రాలేదు. నేను మాత్రం రిటైరైపోయాను.

ఇప్పుడీ పనిలోకి దిగిన పిల్లలు అప్పుడప్పుడూ అడుగుతుంటారు, ఇన్నేళ్ళ సర్వీసులో మీరు గొప్పగా చెప్పుకునే కేసు ఏదండీ అని. బ్యాంకులు చూశాను, కాలేజీలు చూశాను, అల్లవరం పక్క రొయ్యల కంపెనీలన్నీ తిరిగాను. కానీ మీసమంటూ ఉంటే మెలేసుకునేదాన్ననిపించే కేసు ఒక్కటే. ఒక ముసలి కంప్యూటరులోని హార్డ్ డిస్కు తీసి కొత్త దాంట్లో పెట్టాను. నవ్వకండి. చెప్పుకుంటే నాలుగు స్క్రూల పనే. ఆ నాలుగు స్క్రూలే నా తల ప్రాణం తోకకి తెచ్చాయి.

ఆ కంప్యూటరు ఊళ్ళో ఒక పాత ప్రెస్సులో ఉండేది. పెళ్ళి కార్డులూ కరపత్రాలూ వేసుకునే చిన్న ప్రెస్సు. యజమాని వయసు మళ్ళిన పెద్దాయన, మాట మెత్తన, పట్టు గట్టిది. తెలుగు టైపు చేసే ఆవిడ పెళ్ళి కాకముందు చేరి, పిల్లల్ని పెంచి పెద్దచేసి, ఇంకా అదే కుర్చీలో కూర్చునేది. ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేది. కంప్యూటరు నెత్తిన ఆయన పెట్టిన కుంకుమ బొట్టు, దాని పక్కనే ఈవిడ అతికించిన బైబిలు వాక్యం. ఇద్దరి పూచీ మీదా అది ఏళ్ళ తరబడి నడిచింది. ఇంక నడవనని మొండికేసినప్పుడు నాకు ఫోను వచ్చింది.

"మేడమ్ గారూ, మా మిషను ఎగశ్వాస పీలుస్తందండి. ఓసారి వచ్చి చూసి పోదురూ" అన్నాడు పెద్దాయన.

మా షాపు యజమాని మాత్రం వెళ్ళొద్దన్నాడు. పాత మిషన్లంటే ఆయనకి పడదు. "బాగుపడితే మన పేరు చెప్పరు మేడమ్, పోతే మాత్రం మనవల్లే పోయిందంటారు" అనేవాడు. అందులో నిజం లేకపోలేదు. నేను సరేనని తలూపి, టీ తాగొస్తానని చెప్పి ప్రెస్సుకి వెళ్ళాను. వద్దన్న చోటికి వెళ్ళడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

ప్రెస్సులో మూడో మనిషి కూడా ఉంది. చెక్క బల్ల మీద, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రిలో ఆపరేషను గది బయట కూర్చున్నట్టు కూర్చుంది. పి.గన్నవరం అవతల ఒక లంక ఊళ్ళో పనిచేసి రిటైరైన టీచరమ్మ. టైపు చేసే ఆవిడ నన్ను పక్కకి లాగి సంగతి చెప్పింది.

వాళ్ళ లంకల్లో ఊడ్పులకి వెళ్ళిన ఆడవాళ్ళు, వంగి నారు నాటుతూ దేవుడి మీద కట్టుకున్న పాటలున్నాయి. ఏ పుస్తకంలోనూ లేవు. చర్చిలోనూ పాడరు, అక్కడ అచ్చయిన పాటలే పాడతారు. ఊడ్పులు చేసిన ఆ తరం వెళ్ళిపోతుంటే టీచరమ్మ రెండేళ్ళపాటు ఇంటింటికీ తిరిగి, అరుగుల మీద కూర్చుని, పాడించుకుని రాసుకుంది. రాసిన కాయితాలు వారం వారం ఇక్కడికి తెస్తే ఈవిడ టైపు చేసింది. ఆ పైన గోదావరి వచ్చింది. లంకలో నీళ్ళు టీచరమ్మ ఇంట్లో కిటికీ దాకా నిలిచాయి. కాయితాలు ముద్దయిపోయాయి. పాటలు రికార్డు చేసుకున్న ఫోను కూడా ఆ నీళ్ళలోనే పోయింది. పాడినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఒక్క మామ్మ గారు. పాటలన్నీ ఉన్నది ఈ కంప్యూటరులో. వచ్చే ఆదివారం లంకలో కోత పండుగ, ఆ రోజు పుస్తకం బయటికి తీసుకురావాలని చర్చిలో అనుకున్నారు.

"పెన్ డ్రైవులోకి తీసుకోలేదా?" అని కసిరాను. కసరడంలో నేను ఎప్పుడూ వెనకబడలేదు.

"తీసేనండి. వేరే కంప్యూటరులో తెరిస్తే చీమలు పాకినట్టు వస్తందండి" అంది టైపు ఆవిడ.

నిజమే. ఆ తెలుగు సాఫ్ట్‌వేరు ఎప్పటిదో. దాని అక్షరాలు దాంట్లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవు. మళ్ళీ ఎక్కిద్దామంటే సీడీ లేదు, అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అంటే ఫైళ్ళు మాత్రమే తెచ్చుకుంటే లాభం లేదు. ఆ హార్డ్ డిస్కు దాని సంసారంతో సహా, ఎలా ఉన్నది అలాగే, ఇంకో కంప్యూటరులో లేచి కూర్చోవాలి. లేవకపోతే ఆ పాటలు చీమల బారుల కిందే మిగిలిపోతాయి.

టీచరమ్మ నా వైపు తిరిగింది. "అవుద్దంటారా అమ్మా" అంది.

"చూద్దామండి" అన్నాను. డాక్టర్లకీ మాకూ ఉన్న మాట అదొక్కటే.

ఒక సంగతి చెప్పాలి. మా నాయనమ్మ కూడా ఊడ్పులకి వెళ్ళిన మనిషే. ఆవిడా పాడేదట. ఆ పాటలు మా ఇంట్లో ఒక్కరికీ రావు. మేం చదువుకున్నాం, ఉద్యోగాలు చేసుకున్నాం, బురద పాటలు మనకెందుకనుకున్నాం. టీచరమ్మ ఒళ్ళో ఆ సంచీ చూస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది. షాపుకి ఫోను చేసి, టీ ఇంకా అవలేదు, ఇవాళ్టికి అవదు కూడా అని చెప్పాను.

పెట్టె విప్పాను. బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటివి ఉంటాయి, కరెంటు నిలకడగా ఇచ్చేవి. అవి ఉబ్బిపోయి, నెత్తి పగిలి ఉన్నాయి. సముద్రపు గాలి తగిలిన బోర్డులకి ఇది మామూలే. మిషను లేస్తుంది, కాసేపు నడుస్తుంది, వేడెక్కగానే ఠక్కున ఆరిపోతుంది. తెలుగు సాఫ్ట్‌వేరు తెరిచి ఒక్క పేజీ అచ్చు తీసేలోపే ప్రాణం పోతోంది. పాపం పెద్దాయన చాలాసార్లు ప్రయత్నించాడట. దాన్ని మళ్ళీ మళ్ళీ లేపవద్దని ఆయన చేతులు పట్టుకుని చెప్పాను.

మర్నాడు మా గోడౌనులోంచి పెట్టె విప్పని కంప్యూటరు ఒకటి తెచ్చాను. మరీ తాజా రకం కాదు, కాస్త వెనకటిది. మరీ కొత్తవాటికి ఇంత పాత డిస్కు భాష అర్థం కాదు. డిస్కు తీశాను. ముందు దానికి అచ్చంగా ఇంకో ప్రతి తీసి పక్కన పెట్టుకున్నాను. పిల్లలూ, ఇది మరిచిపోతే మిగతాదంతా మరిచిపోయినట్టే. తర్వాత అసలు డిస్కుని కొత్త పెట్టెలో బిగించి, స్విచ్ వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. నీలం తెర వచ్చింది, విండోస్ లేవనని చెప్పే తెర. మళ్ళీ వేశాను. మళ్ళీ నీలమే.

"రంగు బాగానే ఉందండి" అన్నాడు పెద్దాయన. నన్ను ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

కాస్త చల్లబడ్డాక ఆలోచించాను. ఏళ్ళ తరబడి ఒకే బోర్డుతో కాపురం చేసిన డిస్కు ఇది. కొత్త బోర్డుని చూసి నువ్వెవరు అంటోంది. అనకుండా ఉండాలంటే, పాత ఇంట్లో ఉండగానే దానికి చెప్పాలి, ఇకమీదట ఏ బోర్డయినా సర్దుకుపో అని. లోపల ఒక చోట చిన్న మార్పు చేస్తే చాలు. కానీ ఆ మార్పు చెయ్యాలంటే పాత మిషను లేవాలి, నేను పని పూర్తిచేసేదాకా బతికుండాలి. డిస్కు మళ్ళీ పాత పెట్టెలోకి వెళ్ళింది.

పెద్దాయన తన టేబులు ఫ్యాను తెచ్చి విప్పిన పెట్టె ఎదురుగా పెట్టాడు. టైపు ఆవిడ ఎప్పటిలాగే మానిటరు మీద చెయ్యేసి కళ్ళు మూసుకుంది. స్విచ్ వేశాం. నల్ల తెర మీద ఏవో ఇంగ్లీషు ముక్కలు వచ్చాయి. నేను చదివేలోపే టైపు ఆవిడ అలవాటుగా ఒక మీట నొక్కేసి దాన్ని దాటించేసింది.

"ఏంటది?"

"రోజూ వచ్చేదేనండి. నొక్కితే పోద్ది."

ఇంకేమీ అడిగే తీరిక లేదు. విండోస్ నీరసంగా లేస్తోంది. మౌసు పట్టుకుని వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాను. తెర మీద ఒక పెట్టె తెరుచుకోవడానికి యుగం పట్టింది. ఫ్యాను గాలికి నా కాయితాలు ఎగిరిపోతుంటే టీచరమ్మ వంగి ఏరుతోంది. కావలసిన వరస కనిపించింది. మార్చాను. ఖాయమేనా అని మిషను అడిగింది. ఖాయమే తల్లీ అని నొక్కాను. మిషనుని పద్ధతిగా ఆపమని చెప్పి చెయ్యి తీశాను. తెర నల్లబడింది. అది నేను ఆపితే ఆగిందో, దానంతటది పోయిందో ఆ క్షణంలో తెలియలేదు. మళ్ళీ లేపి చూద్దామని స్విచ్ వేస్తే చిన్న ఈల వేసి ఊరుకుంది. ఆ బోర్డు ఇంక ఎప్పుడూ లేవలేదు.

డిస్కు తీసి మళ్ళీ కొత్త పెట్టెలో పెట్టాను. నాలుగు స్క్రూలూ ఒకటికి రెండుసార్లు బిగించాను. స్విచ్ వేశాను.

ఈసారి నీలం రాలేదు. విండోస్ వచ్చింది. కొత్త బోర్డుని చూసి, ఇది దొరికింది, అది దొరికింది అని ఒక్కొక్కటే చెప్పుకుంటూ, బుద్ధిగా సర్దుకుంది. పాత తెర మీదున్న గుర్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. టైపు ఆవిడ చప్పట్లు కొట్టింది. పెద్దాయన కాఫీలకి మనిషిని పంపాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి, "ఆయ్, తెరవండి మరి మీ పాటలు" అన్నాను, పెళ్ళికొడుకు తరఫు మనిషిలాగా.

ఆవిడ తెలుగు సాఫ్ట్‌వేరు మీద నొక్కింది. తెర మీద చిన్న పెట్టె వచ్చింది. మీ వాడకం గడువు ముగిసినది, కంపెనీని సంప్రదించండి, అంది.

కాఫీలు వచ్చాయి. ఎవరూ ముట్టుకోలేదు.

గడువేమిటి? పాత పెట్టెలో మొన్నటిదాకా నడిచిన సాఫ్ట్‌వేరు ఇది. డిస్కు అదే, ఈ సాఫ్ట్‌వేరులో ఒక్క అక్షరమూ మారలేదు. పెద్దాయన్ని అడిగితే, మొదట్లో ఆ కంపెనీ ఏటేటా ఒక కొత్త నంబరు పంపేదనీ, కంపెనీ మూతపడ్డాక ఎవరూ పంపలేదనీ, అయినా మిషను ఎప్పుడూ అడగలేదనీ చెప్పాడు. "మనమీద జాలి పడిందేమో అనుకున్నానండి" అన్నాడు. కంప్యూటర్లు జాలి పడగా నేను చూడలేదు. కొత్త పెట్టెలో ఏదో తేడా ఉంది, దేన్ని చూసో ఇది బెదిరింది. ఏమిటో తట్టడం లేదు. సంప్రదిద్దామంటే కంపెనీ లేదు, వెనక్కి వెళదామంటే బోర్డు చచ్చిపోయింది. నా జీవితంలో మొదటిసారి షాపు యజమాని మాట వినుంటే బాగుండుననిపించింది.

టీచరమ్మ లేచి నా పక్కకొచ్చింది. "పాటలు అసలున్నాయా అమ్మా? ఉన్నట్టు చూపించగలరా?"

అదొక్కటీ చెయ్యగలను కదా అని, ఫైళ్ళ వరస తెరిచి చూపించాను. చదవడానికి రావు గానీ పేర్లు కనిపిస్తాయి. ఒక్కో ఫైలుకీ పాడిన ఆడమనిషి పేరు పెట్టారు. పక్క గడిలో టైపు చేసిన తేదీలున్నాయి. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని వేలితో ఒక్కో పేరూ చూసుకుంటూ వచ్చింది. "ఈవిడ ఉంది. ఈవిడ పోయింది. ఈవిడా పోయింది." అలా వస్తూ వస్తూ ఆగింది.

"ఈ తారీఖులు తప్పండి. అందరికీ జనవరి ఒకటే ఉందేంటి? అదీ ఎప్పటి జనవరో. ఈ పాటలకి రెండేళ్ళు తిరిగేను నేను, ఒక్క రోజులో ఎలా అయిపోద్ది?"

చూశాను. నిజం. ప్రతి పాటా అదే రోజున పుట్టింది. ఆ వరసలో ఉన్న పెళ్ళి కార్డులూ, కరపత్రాలూ, సర్పంచి గారి విజ్ఞప్తులూ అన్నీ ఆ ఒక్క జనవరి ఒకటో తేదీనే పుట్టాయి.

కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. టైపు ఆవిడని పట్టుకుని, "ఆ నల్ల తెర మీద ఏం రాసుండేది?" అని అడిగాను.

"తారీఖు తప్పు అనేదండి. సరిచేసినా మర్నాటికి మళ్ళీ అలాగే అనేది. అందుకని సరిచెయ్యడం మానేసేను. నొక్కితే పోద్ది కదాని."

చెప్పాను కదా, నాకు కోపం ఎక్కువ. నవ్వు అంతకంటే ఎక్కువ. అక్కడే కుర్చీ పట్టుకుని, కళ్ళంట నీళ్ళొచ్చేదాకా నవ్వాను. వాళ్ళు ముగ్గురూ నాకు మతి పోయిందనుకున్నారు.

కంప్యూటరు బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా తేదీ గుర్తుంచుకునేది అదే. పాత పెట్టెలో ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని ఆ మిషను ప్రతి ఉదయం ఆ పాత జనవరి ఒకటిన నిద్రలేచేది. సాయంత్రం పడుకునేది. మర్నాడు మళ్ళీ అదే జనవరి ఒకటి. సాఫ్ట్‌వేరు గడువు ఆ తర్వాత ఎప్పుడో ఉంది. ఆ రోజు ఆ మిషను జీవితంలో రానే లేదు. బ్యాటరీ మార్చించే ఖర్చెందుకులే అని ఊరుకోవడం వల్లే ఆ ప్రెస్సు ఇన్నేళ్ళు బతికింది. ఇప్పుడు నేను తెచ్చిన కొత్త పెట్టెకి కొత్త బ్యాటరీ ఉంది, సరైన తేదీ తెలుసు. అది చేసిన తప్పల్లా నిజం చెప్పడం.

ముందు ఇంటర్నెట్ తీగ పీకేశాను, మళ్ళీ ఎవరూ దానికి నిజం చెప్పకుండా. తేదీ వెనక్కి తిప్పాను, ఆ జనవరి ఒకటికి. కొన్ని సాఫ్ట్‌వేర్లు గడుసువి, తేదీ తిప్పితే పసిగట్టి పూర్తిగా తలుపులేసుకుంటాయి. ఇది అలాంటిదో కాదో తెలియదు. టైపు ఆవిడకి మౌసు ఇచ్చి, "మీరే నొక్కండి, మీ చెయ్యి దానికి అలవాటు" అన్నాను.

ఆవిడ నొక్కింది. తెర మధ్యలో ఇసక గడియారం గుర్తు తిరిగింది. చాలాసేపు తిరిగింది. తెల్ల పేజీ వచ్చింది. ఆవిడ ఒక ఫైలు తెరిచింది. తెలుగు. గుండ్రంగా, నల్లగా, చక్కగా తెలుగు.

మోకాటి లోతు బురదలో నిలిచి
మొక్కితే విన్నావు తండ్రీ

టీచరమ్మ పైకి చదవడం మొదలుపెట్టి, రెండో మాట దగ్గరకొచ్చేసరికి పాటలోకి వెళ్ళిపోయింది. ఆవిడ గొంతు అంత బాగుండదు. ఆ రోజు నాకు అంతకన్నా మంచి గొంతు వినాలని లేదు. పెద్దాయన పక్క గదిలో అచ్చు మిషను ఆపమని సైగ చేశాడు. టైపు ఆవిడ ఏడుస్తోందా నవ్వుతోందా అని చూశాను, రెండూ చేస్తోంది. నేను గెలిచాను. అణకువగా చెప్పాలంటే మేం గెలిచాం. కానీ నేను గెలిచాను.

ఆ పూటే పాటలన్నీ ఎక్కడైనా తెరుచుకునేలా పీడీఎఫ్ చేయించి, నాలుగు చోట్ల పెట్టించాను. తర్వాత పని వాళ్ళది. ఆ వారమంతా ప్రెస్సులో ఎవరూ సరిగ్గా భోంచెయ్యలేదని విన్నాను. షాపు యజమానికి జరిగింది చెబితే, "మరి మన షాపు బోర్డు తగిలిస్తారా అక్కడ" అని అడిగాడు. వ్యాపారస్తుడు కదా.

ఆదివారం కోత పండుగకి నన్నూ రమ్మన్నారు. లంకలో చిన్న చర్చి. బల్ల ముందు వరికంకులూ గుమ్మడికాయలూ కొబ్బరి గెలలూ పోసి పెట్టారు. అరిటాకు రంగు అట్టతో పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. పాస్టరు గారు ప్రార్థన చేసి, మొదటి పుస్తకం ఆ మామ్మ గారి చేతిలో పెట్టారు. పాడినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. ఆవిడకి చదువు రాదు. నడుం వంగిపోయిన మనిషి, కుర్చీలో కూర్చుని పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నా పాట ఏదమ్మా ఇందులో?"

టీచరమ్మ పేజీ తీసి, వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టింది. అందరూ పుస్తకాలు తెరిచి ఆ పాట అందుకున్నారు. మోకాటి లోతు బురదలో నిలిచి. ఆ బురద చూడని పిల్లలు కూడా పాడారు. రెండు చరణాలూ అయిపోయాయి. పాస్టరు గారు తర్వాతి కార్యక్రమానికి లేవబోతుంటే మామ్మ గారు చెయ్యెత్తింది.

"ఇంకోటుందండి."

టీచరమ్మ తెల్లబోయింది. "అప్పుడు రెండే అన్నారు కదా మామ్మ గారూ. ఎన్నిసార్లు అడిగేను."

"అన్నానమ్మా. ఇది మా అమ్మ నా చెవిలో చెప్పింది, గట్టు మీద కామందు లేనప్పుడే పాడుకోమంది. మీరు రాసుకుని ఎల్లిపోతారు. ఆ కాయితం ఎవుళ్ళ చేతిలో పడద్దో నాకేం తెల్సు?" పుస్తకం మీద చెయ్యి ఒత్తిపెట్టింది. "ఇప్పుడు పొత్తకం అయిపోయిందిగా. ఇంక దాచక్కర్లేదు."

ఎవరి ఆసరా లేకుండా లేచి నిలబడింది. గొంతు సన్నగా ఉంది గానీ తొణకలేదు.

ఒసే అని పిలిచేటి నోళ్ళున్న ఊళ్ళో
పేరెట్టి పిలిచేవు తండ్రీ

టీచరమ్మ సంచీలో కలం కోసం వెతుక్కుంటోంది. నాకు నాయనమ్మ పేరు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. మామ్మ గారు మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది, ఈసారి గట్టిగా. వెనక వరసలోని ఆడవాళ్ళు లేచి నిలబడి అందుకున్నారు, తర్వాత మగవాళ్ళు. మూడోసారికి ఆ చరణం చర్చిలో అందరికీ వచ్చేసింది. నాకూ వచ్చేసింది.